2021 హీత్రో బోయింగ్ 787 ముందు చక్రాల ప్రమాదం

2021 జూన్ 18న లండన్‌లోని హీత్రో విమానాశ్రయంలో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థకు చెందిన బోయింగ్ 787-8 విమానం నిలిపి ఉంచిన చోటనే ముందు చక్రాలు ముడుచుకొని, దాని ముక్కు భాగం నేలకు ఆనినది. చక్రాలు ముడుచుకోకుండా ఆపే పిన్నును (చీలను) దాని రంధ్రంలో గాక, ప్రక్కనే ఉన్న మరొక రంధ్రంలో అమర్చుట ఈ ప్రమాదానికి కారణం. విమానంలో ప్రయాణికులు లేరు. ప్రాణనష్టం జరగలేదు.

నేపథ్యం

విమానం నేలపై నిలుచుటకు, దిగుటకు ఆధారమైన చక్రాల అమరికను ల్యాండింగ్ గేర్ అంటారు. గాలిలోనికి లేచిన తరువాత హైడ్రాలిక్ పీడనంతో ఇది లోపలికి ముడుచుకుంటుంది. మరమ్మతు సమయంలో పొరపాటున ముడుచుకోకుండా, మడత కీళ్ళు కదలనీయని లాక్ పిన్నులను అమర్చుతారు. 787 ముందు చక్రాల దగ్గర ఈ పిన్ను రంధ్రానికి సమీపంలోనే మడత కీలునకు చెందిన మరొక బోలు రంధ్రం ఉన్నది. పిన్ను అందులోను సరిపోతుంది, కాని అక్కడ ఉన్నపుడు చక్రాలను ఆపలేదు.

సంఘటన

సరుకులతో ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి బయలుదేరవలసిన ఈ విమానంలో ముందు చక్రాల తలుపునకు సంబంధించిన దోష సందేశాలు కనిపించినవి. మరమ్మతును వాయిదా వేసి విమానాన్ని పంపుటకు అనుమతించే నిర్ణీత విధానంలో, లాక్ పిన్నులన్నీ అమర్చి, కాక్‌పిట్‌లోని చక్రాల మీటను పైకి జరుపవలసి ఉన్నది. మెకానిక్‌ల బృందానికి నాయకుడైన వ్యక్తికి ముందు చక్రాల రంధ్రం అందనందున, క్రింద నుండి చూపి మరొక మెకానిక్ చేత పిన్ను పెట్టించినాడు. అది ప్రక్క రంధ్రంలోనికి వెళ్ళినది. ఎవరూ గుర్తించలేదు. మీటను పైకి జరుపగానే ప్రధాన చక్రాలు నిలిచినవి, ముందు చక్రాలు మాత్రం ముడుచుకున్నవి. ముక్కు క్రింది భాగం, చక్రాల తలుపులు, ఎడమవైపు ద్వారమొకటి దెబ్బతిన్నవి. స్వల్ప గాయాలు కూడా జరిగినవి.

దర్యాప్తు

బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు శాఖ ఈ సంఘటనను పరిశీలించినది. ఇటువంటి పొరపాటు అంతకు ముందే జరిగినందున, రెండవ రంధ్రాన్ని మూసివేసే చిన్న భాగాన్ని బిగించాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం జారీ చేసి ఉన్నది. అది 2020 జనవరి 16 నుండి అమలులోనికి వచ్చినది. గడువు 36 నెలలు. ప్రమాదం నాటికి గడువు మిగిలియున్నది, ఈ విమానంలో ఆ మార్పు ఇంకా జరగలేదు. తప్పు చేసినది మనిషియే అయినను, ఆ తప్పునకు అవకాశమిచ్చినది రెండు రంధ్రాల అమరిక. నివారణోపాయం తెలిసిన తరువాత అది ప్రతి విమానానికి చేరుటలోని ఆలస్యమే ఇక్కడ ప్రమాదానికి దారి విడిచినది.

ఇటువంటి ఇతర సంఘటనలు

* 1991 జూలై 11న నైజీరియా ఎయిర్‌వేస్ తరఫున నడచిన డీసీ-8 విమానం జెడ్డాలో కూలి, అందులోని 261 మందీ మరణించినారు. టైర్లలో గాలి తక్కువగా ఉన్నట్లు బయలుదేరుటకు ముందే తెలిసినను సరిచేయలేదు. పరుగులో టైర్లు పగిలి, మంటలు లేచినవి.
* 2007 అక్టోబరు 27న స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన క్యూ400 విమానం ఒక ప్రధాన చక్రం దిగక, కోపెన్‌హేగన్‌లో అత్యవసరంగా దిగినది. స్థానం తప్పిన చిన్న రబ్బరు వలయం హైడ్రాలిక్ వాల్వు రంధ్రాన్ని మూసివేసినది. దీని తరువాత ఆ సంస్థ ఈ రకపు విమానాలను వాడుట మానివేసినది.