బొగ్గు పొరల ముందు దశావతారాలు: గోదావరి లోయలో పరిణామవాదం, సృష్టి కథలు, గ్రంథ వ్యాఖ్యానం

2019 జనవరిలో జలంధర్‌లో 106వ భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు ఆ వేదిక మీద మాట్లాడుతూ, డార్విన్ చెప్పినదాని కన్నా దశావతారాలే జీవపరిణామాన్ని మెరుగ్గా వివరిస్తాయన్నారు. ముందు నీళ్లలో చేప, తరవాత నీళ్లలోనూ నేలమీదా బతికే తాబేలు, ఆపైన వరాహం, నరసింహుడు, వామనుడు: ఈ వరసే పరిణామక్రమం అన్నది ఆ వాదం. అదే ప్రసంగంలో కౌరవుల జననాన్ని టెస్ట్‌ట్యూబ్ శిశువులతో పోల్చడంతో పత్రికలన్నీ ఆ మాట వెంట పడ్డాయి. శాస్త్రవేత్తలు నిరసించారు, వారం తిరక్కుండానే గొడవ సద్దుమణిగింది. అవతారాల వరస గురించిన మాట నిజమా కాదా అని నెమ్మదిగా పరీక్షించి చూసినవాళ్లు తక్కువ.

అది పరీక్షకు నిలబెట్టదగిన మాటే. అందుకు తగిన చోటు కూడా తెలుగునేల మీదే ఉంది. రామగుండం, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల నుంచి ఈశాన్యంగా ప్రాణహిత దాకా పరుచుకున్న రాళ్లలో పది కోట్ల ఏళ్లకు మించిన జీవచరిత్ర పొరపొరగా ఉంది. దేశంలో ఇంత పొడుగు చరిత్ర ఒకే లోయలో, రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో దొరికే తావులు ఎన్నో లేవు.

అన్నిటికన్నా అడుగున తాల్చిర్ పొర. మంచునదులు ఈడ్చుకొచ్చి వదిలిన గుండ్లు, బురద అందులో ఉంటాయి. దాని పైన బరాకర్ పొర, అంటే సింగరేణి తవ్వే బొగ్గు. రామగుండం గనుల్లో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలతో పిలిచే సీములన్నీ ఇందులోవే. వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు. బొగ్గును అంటిపెట్టుకున్న షేల్ పలకల్లో నాలుక ఆకారపు ఆకు ముద్రలు కనిపిస్తాయి. అవి గ్లోసాప్టెరిస్ అనే చెట్టువి, ఆ జాతి ఇప్పుడు లేదు. ఈ ఆకే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరికింది. 1912లో అంటార్కిటికాలో కెప్టెన్ స్కాట్ బృందం చనిపోయినప్పుడు వాళ్ల దగ్గర మిగిలిన 16 కిలోల రాళ్లలోనూ ఉంది. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి అది పెద్ద సాక్ష్యం అయింది.

అక్కడి నుంచి ఈశాన్యానికి నడిచేకొద్దీ రాయి వయసు తగ్గుతుంది. ఆసిఫాబాద్ దగ్గరి మాలేరి గ్రామం పేరు పెట్టుకున్న ఎర్రమట్టి పొరలు సుమారు 22 కోట్ల ఏళ్లనాటివి. సిరోంచ దగ్గరి కోట గ్రామం పేరిట ఉన్న సున్నపురాయి, ఇసుకరాయి పొరలు దాదాపు 18 కోట్ల ఏళ్లనాటివి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తవ్వి తీసిన కోటసారస్ డైనోసార్ ఈ పొరదే. పి. యాదగిరి దాన్ని 1988లో లోకానికి పరిచయం చేశారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం అదే.

ఇప్పుడు అవతారాల వరసను ఈ రాళ్ల ముందు పెట్టి చూడాలి.

మత్స్యం ఇక్కడ నిండుగా ఉంది. మాలేరిలో సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్లు దొరికాయి, 1859లోనే థామస్ ఓల్డ్‌హామ్ వాటిని వర్ణించాడు. కోట సున్నపురాయిలో లెపిడోటిస్ చేపలు పొలుసులతో సహా అచ్చుపడి ఉన్నాయి. కూర్మం కూడా ఉంది. కోట పొరలో దొరికిన ఇండోకెలిస్ మన దేశంలో వెలుగుచూసిన మొట్టమొదటి జురాసిక్ తాబేలు, 2000లో దాన్ని వర్ణించారు. చేప ముందు, తాబేలు వెనక. ఇంతవరకు వరస కుదిరినట్టే ఉంది.

చిక్కు ఆ తరవాత మొదలవుతుంది. తాబేలు ఉన్న ఆ కోట పొరలోనే, తాబేలుకు సమకాలికంగా, పాలిచ్చే జంతువుల తొలి బంధువుల పళ్లు కూడా ఉన్నాయి. 1981లో వర్ణించిన కోటథీరియం చుంచెలుక పరిమాణపు జీవి. ఆ పళ్ల పక్కనే డైనోసార్ల తొడ ఎముకలు మనిషి ఎత్తున ఉన్నాయి. అంటే తాబేలూ, పాలిచ్చే జంతువుల పూర్వీకులూ, డైనోసార్లూ ఒకే నేల మీద, ఒకే కాలంలో తిరిగారు. ఇక వరాహం సంగతి. పందుల కుటుంబం గత 4 కోట్ల ఏళ్లలో వచ్చిందే. వరాహానికి ముందు సాగిన డైనోసార్ల యుగం, 16 కోట్ల ఏళ్లకు తక్కువ కాని యుగం, అవతారాల్లో లేనే లేదు. చెట్లూ పురుగులూ పక్షులూ లేవు. అన్నిటికీ మించి, పరిణామం మెట్లవరస కాదు, కొమ్మలు చీలుతూ పోయే చెట్టు. చేప తాబేలుగా మారి తన చోటు ఖాళీ చేయలేదు, నేటికీ గోదావరిలో ఈదుతూనే ఉంది.

అవతార కథల్లో ఇదంతా లేకపోవడం వాటి లోపమా? కాదు. మత్స్యావతారం ప్రళయంలో వేదాల్ని, మనువును కాపాడిన కథ. కూర్మావతారం అమృతమథనంలో మందరగిరిని మోసిన కథ. భక్తుడికి కావలసినది ఆపదలో దిగివచ్చే దేవుడు, ఆ దేవుడు ఈ కథల్లో ఉన్నాడు. వాటిని జంతుశాస్త్రపు పట్టికగా చదివినప్పుడు శాస్త్రానికి చేకూరేది ఏమీ లేదు, కథే తన అసలు బలాన్ని కోల్పోతుంది.

పైగా ఈ చదువు పాతది కాదు. ప్రాచీన వ్యాఖ్యాతలెవరూ అవతారాల్లో జీవపరిణామం చూడలేదు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చాక, దివ్యజ్ఞాన సమాజ స్థాపకురాలు బ్లావట్‌స్కీ 1877లో ఈ పోలిక తెచ్చింది. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ తన ప్రసంగంలో ఇదే చెప్పాడు. వలసపాలనలో చిన్నబుచ్చబడిన జాతి, మా పెద్దలకూ ఇది తెలుసు అని చెప్పుకోవాలనుకోవడం అర్థం చేసుకోదగినదే. సంకల్పంలో వినిపించే శ్వేతవరాహ కల్పం లెక్క కూడా ఇలాగే వాడుకలోకి వచ్చింది. ఒక కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు, రెండూ దగ్గరే కదా అంటారు. కానీ రెండో అంకె 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి తేల్చినది. ఎవరైనా మళ్లీ కొలిచి సరిచూడవచ్చు, తప్పయితే దిద్దవచ్చు. కల్పం లెక్కకు అలాంటి దారి లేదు. అంకెలు పక్కపక్కన నిలిచినంత మాత్రాన అవి తెలిసిన తీరు ఒకటి కాదు.

శంకరాచార్యులు గీతాభాష్యంలో ఈ విషయమై తిరుగులేని మాట ఒకటి చెప్పారు. నిప్పు చల్లగా ఉంటుందని వంద శ్రుతివాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కావు, ప్రత్యక్షంగా తెలిసే విషయాల్లో శ్రుతికి పని లేదు అని ఆయన అభిప్రాయం. క్రైస్తవంలో నాలుగు, ఐదో శతాబ్దాల నాటి అగస్టీన్ ఆదికాండానికి వ్యాఖ్య రాస్తూ ఇలాంటి హెచ్చరికే చేశాడు. ప్రకృతి గురించి తెలిసినవాళ్ల ముందు లేఖనాల పేరు చెప్పి పొరపాటు మాటలు మాట్లాడితే లేఖనాలకే చెడ్డపేరు వస్తుందన్నాడు. గ్రంథాన్ని గౌరవించేవాళ్లే గ్రంథానికి గిరి గీశారు. ఇప్పటి వివాదాల్లో ఆ గిరి చెరిగిపోయింది.

ఆ గిరి దాటకుండా బతకవచ్చనడానికి గోదావరి లోయ శిలాజాల చరిత్రలోనే ఒక మనిషి సాక్ష్యం ఉంది. స్టీఫెన్ హిస్లాప్ స్కాట్లండ్ ఫ్రీ చర్చి మిషనరీ. 1840ల మధ్యలో నాగపూర్ వచ్చి బడి పెట్టాడు, సువార్త చెప్పాడు, తీరిక దొరికితే రాళ్లు ఏరాడు. మాలేరి సరీసృపాల పళ్లు, ఎముకల గురించి లండన్‌కు రాసింది ఆయనే. 1863 సెప్టెంబరు 4 రాత్రి నాగపూర్ దగ్గర పొంగిన వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. మాలేరిలో దొరికిన మొసలి పోలికల జీవికి తరవాత పారాసూకస్ హిస్లాపి అని పేరు పెట్టారు.

ఆదికాండాన్ని నమ్మిన పాదిరి కోట్ల ఏళ్ల రాళ్లు ఏరుతూ ఎలా నిబ్బరంగా ఉన్నాడు? ఆయన చర్చి వాతావరణమే అందుకు వీలిచ్చింది. 1843లో ఫ్రీ చర్చి ఏర్పడినప్పుడు మొదటి మోడరేటర్ థామస్ చామర్స్. ఆదికాండం తొలి వచనానికీ రెండో వచనానికీ నడుమ ఎంత కాలమైనా గడిచి ఉండవచ్చని ఆయన అంతకు చాలా ఏళ్ల ముందే బోధించాడు. ఆ చర్చికే చెందిన భూగర్భశాస్త్ర రచయిత హ్యూ మిల్లర్, సృష్టి దినాలు ఒక్కొక్కటీ ఒక్కో మహాయుగం అని వివరించాడు. వాళ్ల వ్యాఖ్యానాలు నేటి శాస్త్రానికి సరిపోవు. కానీ రాయి చెప్పేదాన్ని కాదనకుండా, వచనాన్ని మళ్లీ చదువుకోవడానికి వాళ్లు సిద్ధపడ్డారు. అదే గౌరవించవలసిన గుణం.

ఇంకో ముడి కూడా ఇక్కడే ఉంది. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పక్షాన బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో తలపడ్డ థామస్ హక్స్‌లీని మతానికీ సైన్సుకూ జరిగిన యుద్ధంలో సేనానిగా చెబుతుంటారు. ఆ హక్స్‌లీ 1859లో హైపెరోడాపెడాన్ అనే సరీసృపానికి పేరు పెట్టినప్పుడు, స్కాట్లండ్‌లోని ఎల్గిన్ రాళ్లను పరిశోధించిన జార్జి గార్డన్ అనే పాదిరి పేరు దానికి చేర్చాడు. పదేళ్ల తరవాత మాలేరి దవడ ముక్కల్లోనూ ఆ జంతువునే గుర్తుపట్టాడు. మాలేరి జాతికి తరవాత హక్స్‌లీ పేరే వచ్చింది. దేవుడి సంగతి తేల్చలేనన్న హక్స్‌లీ పేరూ, దేవుడి కోసమే సముద్రాలు దాటిన హిస్లాప్ పేరూ ఇవాళ ఒకే ఎర్రమట్టి పొరలోని రెండు జంతువులకు ఉన్నాయి.

నేటి సృష్టివాదం ఈ పాదిరుల వారసత్వం కాదు. 1961లో అమెరికాలో విట్‌కామ్, మోరిస్ ‘ది జెనెసిస్ ఫ్లడ్’ అచ్చువేశారు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేననీ, బొగ్గు, శిలాజాలు నోవహు జలప్రళయంలో ఒక్కసారిగా పేరుకున్నాయనీ వాదించారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం సిరోంచ ప్రాంతంలో పోచంపల్లి దగ్గర బరపాసారస్ డైనోసార్ ఎముకలు తవ్వుతోంది. ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద 1957లో లండన్ నుంచి వచ్చిన పామెలా రాబిన్సన్ ఆ పనికి పునాది వేసింది.

జలప్రళయ వాదులు బొగ్గును తమ సాక్షిగా పిలుస్తారు కాబట్టి గోదావరిఖని జవాబు వినాలి. గోండ్వానా బొగ్గు చెట్లు పెరిగిన చోటనే ఏర్పడిందా, నీళ్లకు కొట్టుకొచ్చి పోగుపడిందా అన్నది భూగర్భ శాస్త్రవేత్తల మధ్య నిజంగానే సాగిన చర్చ. కొట్టుకొచ్చిందనుకున్నా అది ఒకే వరద కాదు. సీముకూ సీముకూ నడుమ ఇసుకరాయి, షేల్ పొరలు మళ్లీ మళ్లీ వస్తాయి. నది దారి మారడం, చిత్తడి మొలవడం, పూడిపోవడం, తిరిగి మొలవడం అందులో కనిపిస్తుంది. మంచునది పొర కింద, అడవి పొర పైన ఉండటం ఒక్క ఏడాది వరదలో సాధ్యం కాదు. రామగుండం దగ్గరి మేడిపల్లి ఓపెన్‌కాస్ట్‌లో స్టెగోడాన్ అనే అంతరించిన ఏనుగు అవశేషాలు దొరికాయి, బిర్లా మ్యూజియంకు చేరాయి. కానీ అవి బొగ్గు సీములోవి కావు. అన్నీ ఒకే ప్రళయంలో మునిగితే ఏనుగూ గ్లోసాప్టెరిస్ ఆకూ కలిసి ఉండాలి. 1889 నుంచి ఈ పట్టీలో బొగ్గు తీస్తున్నారు. సీములో ఏనుగు దంతం గానీ, డైనోసార్ ఎముక గానీ ఎన్నడూ బయటపడలేదు. పరిణామవాదాన్ని తప్పని రుజువు చేసే అవకాశం ప్రతి షిఫ్టులో ఉంది, ఆ రుజువు మాత్రం రాలేదు.

ఈ నేల సొంత సృష్టికథ వేరే ఉంది. రాజగోండుల కథలో గోండు దేవతలు గుహలో బందీలవుతారు, పహండి కుపార్ లింగాల్ (లింగో) వాళ్లను విడిపించి గోత్రాలుగా ఏర్పరుస్తాడు. గోండుల గాయకులైన ప్రధానులు కిక్రి అనే వాద్యం వాయిస్తూ దాన్ని తరతరాలుగా పాడుతున్నారు. లింగో కథను మొదట కాగితానికెక్కించినవాళ్లలో హిస్లాప్ ఒకడు. ఆయన చనిపోయాక 1866లో రిచర్డ్ టెంపుల్ ఆ పత్రాలను ప్రచురించాడు. ఒకే మనిషి సంచిలో మాలేరి ఎముకలూ ఉన్నాయి, లింగో పాటా ఉంది. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల కథలను మరింత వివరంగా నమోదు చేశాడు. గోండ్వానా అన్న పేరును భూగర్భశాస్త్రం గోండుల నేల నుంచే తీసుకుంది. ఏ గోండు పెద్దా లింగాల్ కథను గ్లోసాప్టెరిస్‌కు పోటీగా నిలబెట్టలేదు. ఆ కథ ఎవరు ఎవరికి చుట్టమో, ఎవరి దేవుడు ఎవరో, పెళ్లి ఎవరితో కుదురుతుందో చెబుతుంది. ఇప్పటికీ ఆ పనే చేస్తోంది.

గని కార్మికుడి నమ్మకమూ అలాంటిదే. గని మొగదల మైసమ్మకు దండం పెట్టుకుని లోపలికి దిగుతాడు. దిగాక సర్దార్ కర్రతో రూఫ్ తట్టి శబ్దం వింటాడు. డొల్ల శబ్దం వస్తే ఆ చోట పని ఆపి, దిమ్మెలు కట్టిన తరవాతే ముందుకు సాగుతారు. మైసమ్మను నమ్మినవాడు ఎవడూ రూఫ్ తట్టడం మానలేదు. రాయి సంగతి రాయినే అడగాలని ఈ పట్టీలో వందేళ్లుగా తెలుసు. అడగకపోతే పోయేది ప్రాణం. పరిణామవాదం విషయంలోనూ కోరవలసింది ఇంతే. భక్తిని వదులుకోమని శాస్త్రం అడగడం లేదు, రూఫ్ తట్టి చూడమంటోంది.

తట్టి చూడటం నేర్పే చోటు బడి. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి దాన్ని ఖండించాయి. అయిదేళ్లకు నష్టం ఇంకో దారిలో వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోని ‘అనువంశికత, పరిణామం’ పాఠంలో పరిణామం పోయి అనువంశికత మిగిలింది. 2023 ఏప్రిల్‌లో బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ చొరవతో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉంది. కానీ అక్కడికి చేరేది జీవశాస్త్రం ఎంచుకున్న పిల్లలే. రామగుండంలో సీబీఎస్‌ఈ బడిలో చదివి, పదో తరగతి తరవాత గణితం వైపో కామర్స్ వైపో వెళ్లే సింగరేణి కార్మికుడి బిడ్డకు డార్విన్ పేరు పాఠంలో ఎదురుపడదు. తండ్రి తవ్వే సీము వయసెంతో, షేల్ పలక మీది ఆకు ఏ ఖండాల్లో పెరిగిందో ఆ బిడ్డకు చెప్పాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బొగ్గు మీది నుంచి తీసి పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) కుప్పల్లో ఆ ఆకులు ఇప్పటికీ దొరుకుతాయి. ఏరి, పేరు రాసి, బడి బీరువాలో పెట్టే ఉపాధ్యాయుడు ఒకరుంటే చాలు.