తుక్కు సైకిల్‌కి మోటర్: ఈ పిచ్చి 1881లోనే మొదలైంది

"అన్నా, ఇంట్లో పాత సైకిల్ ఉంది, మోటర్ పెట్టి ఎలక్ట్రిక్ చేసేయొచ్చా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. చేసేయొచ్చు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, అది నేను మళ్లీ చెప్పను. మనకంటే ముందు ఈ పని చేసినవాళ్లు ఎవరు, వాళ్లకి ఎక్కడ బెడిసికొట్టింది, ఈరోజు అది మాట్లాడుకుందాం. వాళ్లు పడ్డ తిప్పలే ఇవాళ మీ పెరట్లో మీరూ పడతారు.

1881, పారిస్. గుస్తావ్ త్రూవే అని ఒకాయన. చిన్న చిన్న ఎలక్ట్రిక్ పరికరాలు చెయ్యడంలో మహా చెయ్యి. ఈయన కొత్త బండి డిజైన్ చెయ్యలేదు. ఇంగ్లండ్‌లో జేమ్స్ స్టార్లీ తయారుచేసిన మూడు చక్రాల తొక్కుడు బండి తీసుకున్నాడు. సీమెన్స్ వాళ్ల చిన్న మోటర్‌ని తన పద్ధతిలో మెరుగుపరిచాడు. రీఛార్జ్ అయ్యే లెడ్ బ్యాటరీలు పెట్టాడు. ఆ బ్యాటరీ కూడా 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిందే. అంటే బండి ఒకరిది, మోటర్ ఒకరిది, బ్యాటరీ ఇంకొకరిది. కలిపింది మాత్రం ఈయన. ఏప్రిల్ 19న పారిస్ నడిబొడ్డున ఒక వీధిలో దాన్ని నడిపి చూశాడు. నడిచింది!

మీరు ఆన్‌లైన్‌లో కిట్ కొని హీరో సైకిల్‌కి బిగించడానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి? నాకైతే ఏమీ కనపడట్లేదు.

దానికి పేటెంట్ మాత్రం రాలేదు. మామూలు మనిషైతే నిరుత్సాహపడి ఊరుకుంటాడు. ఈయన అదే మోటర్ ఆలోచనని పడవకి మార్చాడు. మోటర్‌ని వర్క్‌షాప్ నుంచి నది దాకా మోసుకెళ్లాలి కాబట్టి, ఊడదీసి పట్టుకెళ్లేలా చేశాడు. ఇవాళ మన కోనసీమ కాలవల్లో పడవ వెనక తగిలించే మోటర్లు చూస్తాం కదా, ఆ జాతికి ఇదే మూలపురుషుడు. మే 26న సీన్ నదిలో 5 మీటర్ల పడవ ఎదురు ప్రవాహంలో గంటకి 3.6 కిలోమీటర్లు, వాలులో 9 కిలోమీటర్లు పోయింది. ట్రైసైకిల్ నడిచిన ఐదారు వారాలకే!

ఇంత చేసిన మనిషి 1902లో పోయాడు. పెళ్లి లేదు, వారసులు లేరు. సమాధి స్థలం గడువు పొడిగించేవాళ్లు లేక అస్థికల్ని ఉమ్మడి గుంతలో వేసేశారు. మిగిలిన కాగితాలు 1980లో ఆయన సొంత ఊళ్లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అందుకే బీటెక్ నాలుగేళ్లలో మనం ఈ పేరు ఒక్కసారి కూడా వినలేదు.

పేటెంట్ ఉన్నవాళ్ల పేర్లు మాత్రం నిలిచాయి. 1895 డిసెంబర్ 31న అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్‌కి ఒక పేటెంట్ వచ్చింది. వెనక చక్రం మధ్యలోనే మోటర్, గేర్లు లేవు, బ్యాటరీ ఫ్రేమ్ మధ్యలో. ఆ బొమ్మ చూస్తే మీరు షాక్ అవుతారు. ఇవాళ్టి హబ్ మోటర్ సైకిల్ అచ్చం అలాగే ఉంటుంది.

మరి అప్పుడే ఊరూరా ఎందుకు రాలేదు? లెక్క చూడండి. బోల్టన్ చెప్పింది 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా. అంటే 1000 వాట్లు. అదే 1000 వాట్లు ఇవాళ 48 వోల్టుల్లో తీసుకుంటే దాదాపు 21 ఆంపియర్లు చాలు. వైర్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో వేడి ఇరవై రెట్లకు పైగా తగ్గుతుంది. పైగా ఆయన చేతిలో ఉన్నది లెడ్ బ్యాటరీ. కిలోకి 30, 40 వాట్-అవర్లు ఇస్తే గొప్ప. ఇప్పుడు మామూలుగా వాడే 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల ప్యాక్ లెడ్‌లో చేస్తే పది కిలోలు పైనే. సైకిల్‌కి ఒక చిన్న బియ్యం బస్తా కట్టినట్టు. లిథియం సెల్స్‌లో అయితే రెండు కిలోల దగ్గర అయిపోతుంది. ఐడియా 1895లోనే రెడీ. లిథియం-అయాన్ సెల్‌ని సోనీ మార్కెట్లోకి తెచ్చింది 1991లో. మధ్యలో దాదాపు వందేళ్లు ఐడియా బ్యాటరీ కోసం ఎదురుచూసింది.

ఇప్పుడు ఒక పెట్రోల్ కథ. టాపిక్ మారిపోయింది అనుకోకండి, తుక్కు విషయంలో దీన్ని మించింది లేదు.

1946, జపాన్, హమామత్సు. యుద్ధంలో ఓడి దేశం బూడిదై ఉంది. సోయిచిరో హోండాకి ఒక తెలిసినాయన ఇంట్లో చిన్న ఇంజన్ కనపడింది. సైన్యం వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చే జనరేటర్ ఇంజన్ అది. యుద్ధం అయిపోయాక దానితో ఎవరికీ పని లేదు. దాన్ని సైకిల్‌కి బిగించాడు. మొదటి నమూనాకి పెట్రోల్ ట్యాంక్ ఏంటో తెలుసా? పక్కలో పెట్టుకుని పడుకునే వేడినీళ్ల సీసా! మొదట ఇంజన్ని ముందు పెట్టి, రబ్బరు రోలర్ టైరుకి ఒరుసుకుంటూ చక్రాన్ని తిప్పేలా చేశాడు. ఆ రోజుల్లో టైర్లు నాసిరకం, రోలర్ వాటిని అరగదీసేసింది. దాంతో బెల్ట్ వేసి వెనక చక్రానికి మార్చాడు. పెట్రోల్ కరువుకి పైన్ చెట్ల వేర్ల నుంచి తీసిన నూనె కలిపి నడిపేవాళ్లు.

ఆ ఇంజన్లు ఒక 500 దాకా దొరికాయి. అన్నీ అమ్ముడయ్యాయి. తుక్కు అయిపోయింది! అప్పుడు సొంత ఇంజన్ తయారు చెయ్యక తప్పలేదు, 1947లో ఏ-టైప్ వచ్చింది. మీరు నడిపే యాక్టివా ముత్తాత అదే. తుక్కు అయిపోవడం వల్లే తయారీ మొదలైంది అన్నమాట. నాకు హోండా కథలో అన్నిటికంటే నచ్చేది ఈ ముక్కే.

తర్వాత స్పీడుగా చెప్పేస్తా. 1993లో యమహా పాస్ అనే సైకిల్ తెచ్చింది, మీరు తొక్కితేనే మోటర్ సాయం చేస్తుంది. ఎందుకలా? అప్పట్లో జపాన్‌లో తనంతట తను నడిచేది మోపెడ్ కింద లెక్క, లైసెన్స్ కావాల్సి వచ్చేది. తొక్కుడుకి సాయం అయితే సైకిలే. తర్వాత చైనా నగరాలు పెట్రోల్ బైకులకి అడ్డుకట్ట వేశాయి, ఎలక్ట్రిక్ బళ్లు కోట్లలో తయారయ్యాయి. మన చేతికొచ్చే చౌక హబ్ మోటర్లు, కంట్రోలర్లు ఆ వరదలో కొట్టుకొచ్చినవే.

ఇక మన సంగతి. మోటర్ 250 వాట్ల లోపు, స్పీడ్ గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు అని అందరూ చెప్తారు. రూల్లో ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ షరతులన్నీ ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ ఏజెన్సీ ధృవీకరించాలి. కంపెనీకి అది మామూలు పని. ఒక్క సైకిల్ చేసుకున్న కుర్రాడు ఎక్కడికి పోతాడు? త్రూవేలాంటి మనిషికి అప్పుడూ కాగితం దొరకలేదు, ఇప్పుడూ దొరకదు. ఇక 1000 వాట్ల కిట్ బిగిస్తే అనుమానమే లేదు, అది మోటర్ వాహనం. ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ లేని మోటర్ వాహనం.

వీటన్నిటికంటే నా భయం బ్యాటరీ. కొట్లో పాత లాప్‌టాప్ సెల్స్ కిలోల్లెక్కన దొరుకుతాయి, ప్యాక్ చేసేద్దాం అనిపిస్తుంది. సిరీస్‌లో పెట్టిన సెల్స్‌లో ఒకటి బలహీనమైతే, మిగతావి బానే ఉండగానే అది ముందు ఖాళీ అవుతుంది, ఛార్జింగ్‌లో ముందు నిండిపోతుంది. 4.2 వోల్టులు దాటితే ప్రమాదం. ఒక్కో సెల్ కెపాసిటీ కొలవకుండా, బీఎంఎస్ లేకుండా చేసిన ప్యాక్‌ని దయచేసి ఇంట్లో పెట్టకండి. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోకండి, గుమ్మం దగ్గర అస్సలు పెట్టకండి. అంటుకుంటే బయటికొచ్చే దారి అదొక్కటే ఉంటుంది. హోండా తుక్కు ఇంజన్ పాడైతే బండి ఆగిపోయేది, అంతే. ఇది ఆగిపోయే రకం కాదు.

ఫ్రేమ్, చైన్, హ్యాండిల్, సీటు పాతవి వాడుకోండి, హాయిగా. సెల్స్ మాత్రం కొత్తవి కొనండి. మన నల్ల సైకిళ్లకి రాడ్ బ్రేకులు, వానలో స్టీల్ రిమ్ మీద పట్టు సరిగా ఉండదు, వాటినీ మార్చాల్సిందే. వెనక హబ్ కిట్లు సాధారణంగా 135 మిల్లీమీటర్ల వెడల్పుకి వస్తాయి, సింగిల్ స్పీడ్ ఫ్రేమ్ అంత ఉండదు, కొనేముందు స్కేల్ పెట్టి కొలవండి. యాక్సిల్ గిర్రున తిరిగి వైర్లు తెంపుకోకుండా టార్క్ ఆర్మ్ తప్పనిసరి.

వచ్చే ఎపిసోడ్‌లో లూనా గురించి. పెడల్సూ ఇంజనూ రెండూ ఉన్న బండి, మన నాన్నల తరం పెట్రోల్ అయిపోతే తొక్కుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు. ఇంట్లో పాత ఫోటో ఉంటే పంపండి, వీడియోలో వేస్తా.