కాలు దించని బండి

బడి ఆటల పోటీల్లో స్లో సైకిల్ రేసు మీరు చూసే ఉంటారు. అందరికంటే చివర గీత దాటినవాడే విజేత. మధ్యలో కాలు కింద పెట్టినవాడు పందెం నుంచి బయటికి పోతాడు. ఏటా ఒక తమాషా గమనించేవాణ్ణి. వీధిలో రయ్యిమని తొక్కే కుర్రాడు పది గజాలు పోకుండానే కాలు దించేసేవాడు. పాలు పోసే తాత మాత్రం హ్యాండిల్ అటూ ఇటూ కదుపుతూ హాయిగా చివరిదాకా వచ్చేవాడు. వేగంగా నడపడం, నెమ్మదిగా నడపడం రెండు వేర్వేరు విద్యలు. ఇందులో రెండోదాన్ని మోటారుసైకిల్ మీద చేసి చూపే క్రీడ పేరు ట్రయల్స్. దాని చరిత్ర ఏమిటో, మొదటిసారి నేర్చుకోవాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలో ఈ పాఠంలో చూద్దాం.

నేను ఆ రేసులు చూసింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని పెద్ద జంక్షనుగా మార్చింది. అదే కంపెనీ పట్టాలు ఇటు విజయనగరం, వాల్తేరు దాకా ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం అక్కడికి చేరాయి. మా నాన్నగారు ఆ కుటుంబాల్లో ఒకదానివారు. ఆయనకో పాత బుల్లెట్ ఉండేది. దాన్ని తుడిచే భాగ్యం నాది, నడిపే హక్కు ఆయనది.

పదహారో ఏట, ఆయన డ్యూటీలో ఉండగా, ఆ బండిని అర్పా నది గట్టుకి తోలుకుపోయాను. లైసెన్సు లేని వయసు. చేసింది తప్పే, సందేహం లేదు. వేసవిలో అర్పా ఎండిపోయి ఇసుకా రాళ్ళూ బయటపడతాయి. ఒక రాతి మెట్టు ఎక్కిద్దామని గేరు వేసి యాక్సిలరేటర్ తిప్పాను. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం ఇసుక తవ్వుకుంటూ కూర్చుంది, బండి పక్కకి ఒరిగింది. కాలు దించితే ఆగుతుందనుకున్నాను. నూట అరవై కిలోల పైబడిన ఇనుము నా కాలు మాట వింటుందా? పిక్క మీద వేడి సైలెన్సర్, దాని మీద బండి. అటుగా పోతున్న గ్యాంగ్‌మన్ ఒకాయన బండి లేపి, "ఏటి బాబూ, ఇంత బరువు బండితోన రాళ్ళ మీదికి ఎల్తావేటి? కాలిరిగిపోతే అమ్మకేటి సెప్తావు?" అన్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన అడిగిన ప్రశ్నలోనే ఈ క్రీడ చరిత్ర సగం ఉందని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

ట్రయల్ అంటే పరీక్ష. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో మోటారుసైకిల్ అంటే జనానికి నమ్మకం లేదు. కొండ ఎక్కుతుందా, నాలుగు రోజులు చెడకుండా నడుస్తుందా అన్న అనుమానం తీర్చడానికి బ్రిటన్‌లో పరీక్షాయాత్రలు పెట్టేవారు. స్కాట్లాండులో 1909లో మొదలైన స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అలాంటిదే. 1914లో ఆల్‌ఫ్రెడ్ స్కాట్ అనే మోటారుసైకిళ్ళ తయారీదారు తన కార్మికుల కోసం యార్క్‌షైర్ బీడుభూముల్లో ఇంకో పోటీ పెట్టాడు. అదే స్కాట్ ట్రయల్. కాలక్రమంలో బళ్ళ మీద నమ్మకం కుదిరింది. అప్పుడు పరీక్ష యంత్రం నుంచి మనిషి మీదికి మళ్ళింది. వాగు, బురద, బండరాళ్ళతో చిన్న చిన్న ఖండాలు గీస్తారు. ఆ హద్దుల మధ్య ఒకసారి కాలు దించితే 1, రెండుసార్లు దించితే 2, అంతకు మించితే 3, పడిపోయినా హద్దు దాటినా 5. ఎవరికి తక్కువ వస్తే వారిదే గెలుపు. అంటే మన స్లో సైకిల్ రేసుకి రాళ్ళూ మార్కులూ చేర్చారన్నమాట.

ఇక్కడ మన బుల్లెట్ ప్రవేశిస్తుంది. వెనక స్వింగింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్న 350 సీసీ బుల్లెట్ నమూనాలను రాయల్ ఎన్‌ఫీల్డ్ తొలిసారి జనం ముందుకి తెచ్చింది షోరూములో కాదు, 1948 ఫిబ్రవరిలో జరిగిన కోల్మోర్ ట్రయల్‌లో. వెనక స్ప్రింగులుంటే చక్రం పట్టు తప్పుతుందని అప్పటి ట్రయల్స్ రౌతులు నమ్మేవారు. నిజానికి జరిగేది తలకిందులు. రాయి తగిలినప్పుడు బండి మొత్తం ఎగరకుండా చక్రం ఒక్కటే ఎగిరి మళ్ళీ నేలని అందుకుంటుంది. ఆ ఏడే ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ సిక్స్ డేస్‌లో బుల్లెట్ నడిపిన చార్లీ రోజర్స్, విక్ బ్రిటెన్ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. విక్ కుమారుడు జానీ బ్రిటెన్ 1952లోనూ 1957లోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఆ బండే మన పోలీసుల దగ్గరికీ సైనికుల దగ్గరికీ, చివరికి మా నాన్నగారి దగ్గరికీ వచ్చింది. 2019లో ఆ కంపెనీ బుల్లెట్ ట్రయల్స్ అని ఒక మోడల్ తెచ్చింది కాని అది ఎక్కువ కాలం నిలవలేదు.

మరైతే నేనెందుకు పడ్డాను? నేర్పు లేకపోవడం ఒక కారణం. రెండోది బరువు.

చిన్న లెక్క చేద్దాం. మీ బరువు 65 కిలోలు అనుకోండి. ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఒంటిని 20 సెంటీమీటర్లు పక్కకి జరిపారు. బండి బరువు 190 కిలోలైతే మీ ఇద్దరి ఉమ్మడి గురుత్వ కేంద్రం జరిగేది సుమారు 5 సెంటీమీటర్లే. బండి 70 కిలోలైతే దాదాపు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే శరీరం, అదే కదలిక, ఫలితం మాత్రం రెట్టింపు. తేలికైన బండి మీద రౌతు తన ఒంటినే తూకపు రాయిగా వాడుకోగలడు. బరువు బండి మీద వాడు కేవలం సామాను.

ఈ సంగతి ఆచరణలో రుజువు చేసినవాడు సామీ మిల్లర్. ఏరియల్ 500 సీసీ బండిని ఎక్కడికక్కడ తొలిచి, మార్చి, తేలిక చేసి 1962లో, 1964లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఆ తరవాత స్పెయిన్‌లోని బుల్టాకో కంపెనీకి వెళ్ళి షెర్పా టీ అనే టూ స్ట్రోక్ బండిని తీర్చిదిద్దాడు. దాని బరువు దాదాపు 90 కిలోలు. 1965లో దానిమీదే మళ్ళీ గెలిచాడు. ఆ పోటీలో ఒక విదేశీ బండి గెలవడం అదే మొదలు. బరువైన బ్రిటిష్ సింగిల్ సిలిండర్ల యుగం దాంతో ముగిసిపోయింది. 1975లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. స్పెయిన్‌కు చెందిన టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడూ వదలకుండా ఆ కిరీటం గెలిచాడు. నేటి ట్రయల్స్ బళ్ళు 70 కిలోల అటూ ఇటూ ఉంటాయి. వాటికి సీటు ఉండదు! కూర్చుని నడిపే పనే లేనప్పుడు సీటెందుకు?

నెమ్మదిగా పోతే బండి ఎందుకు తూలుతుంది? తిరిగే చక్రం బొంగరంలా నిలబెడుతుందని మనం బడిలో చెప్పేస్తుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆయన ముందు చక్రం పక్కనే ఎదురు దిశలో తిరిగే ఇంకో చక్రం పెట్టి ఆ బొంగరపు ప్రభావాన్ని రద్దు చేసి చూశాడు. సైకిల్ అయినా తొక్కడానికి వీలుగానే ఉంది. అసలు కీలకం హ్యాండిల్‌లో ఉంది. బండి ఎటు ఒరిగితే అటు హ్యాండిల్ తిప్పాలి, చక్రాలు ఒంటి బరువు కిందికి వస్తాయి. వేగం ఉంటే కొంచెం తిప్పితే చాలు. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ తిప్పాలి. పూర్తిగా ఆగిపోతే ఇక మిగిలేది ఒంటి కదలికే. పాల తాతకి ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పలేదు.

ఇక టైర్లు. మామూలు బండి వెనక టైరులో చదరపు అంగుళానికి 28 పౌండ్లు గాలి కొడతాం. ట్రయల్స్ బండికి వెనక 4, ముందు 6 పౌండ్ల దరిదాపు. మోసే బరువుని పీడనంతో భాగిస్తే నేలకు తాకే వైశాల్యం వస్తుంది. టైరు గట్టిదనాన్ని పక్కన పెడితే, అది ఏడు రెట్లు పెరిగిందన్నమాట. మెత్తని టైరు రాతిని అరచేతిలా పట్టుకుంటుంది. అర్పా గట్టున నా టైరు గోటితో గీకింది. ఇంజన్‌లో ఫ్లైవీలు కూడా బరువుగా ఉండాలి. నెమ్మదిగా తిరిగినా ఆగిపోకుండా, ఉన్నట్టుండి దూకకుండా ఉండేది దానివల్లే. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న పాత బుల్లెట్ ఇంజన్‌లో ఈ ఒక్క గుణం మాత్రం పుష్కలం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ విద్య మొదలుపెడతామంటే బండి కొనడానికి తొందరపడకండి. మన పెద్ద కంపెనీలేవీ అసలైన ట్రయల్స్ బండి తయారు చెయ్యవు. దిగుమతి ఖరీదైన వ్యవహారం. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వంటి బళ్ళకి 21, 18 అంగుళాల చక్రాలున్నాయి. ట్రయల్స్ బళ్ళ కొలతలూ అవే. తేడా బరువులో ఉంది కాబట్టి మెట్లూ బండరాళ్ళూ వాటితో వద్దు, సమతలం చాలు. ఒకవేళ పాత ట్రయల్స్ బండే దొరికితే, పెద్ద శక్తి ఉన్నదానికన్నా మెత్తగా లాగేది ఏరుకోండి. హెల్మెట్, చీలమండ దాటిన గట్టి బూట్లు, చేతి తొడుగులు లేకుండా తాళం తిప్పనివ్వకండి. లైసెన్సు వయసు రాకముందు రోడ్డెక్కనివ్వకండి. ఈ మాట చెప్పే హక్కు నాకెంత ఉందో ముందే ఒప్పుకున్నాను.

బెల్తరా వైపు మొరం నేల ఉన్నట్టు మీ ఊళ్ళోనూ గట్టి నేల ఎక్కడో ఉంటుంది. అక్కడ రెండు ఇటుకలు మూడు గజాల దూరంలో పెట్టండి. మొదటి గేరులో నిలబడి, క్లచ్ మీద ఒక వేలు ఉంచి, వెనక బ్రేకు లేతగా తొక్కుతూ వాటి చుట్టూ ఎనిమిది అంకె వెయ్యండి. చూపు ఇటుక మీద కాదు, పోవలసిన చోట ఉండాలి. క్లచ్ అలవాటయ్యాక ఇటుకల్ని ఒక్కో జానెడు దగ్గరికి జరపండి. కాలు దించిన ప్రతిసారీ ఒక గీత గీసి పెట్టుకోండి. వారం తరవాత గీతలు లెక్కపెట్టండి.