తంజావూరులో మా వారి కాన్ఫరెన్సు

మా వారికి ఎక్కడైనా కాన్ఫరెన్సు ఉందంటే మా ఇంట్లో అటక మీంచి ముందు దిగేది నా పెట్టె. "వాడు పనిమీద వెడుతుంటే మధ్యన నువ్వెందుకమ్మా?" అని మా అత్తగారు ప్రతిసారీ అడుగుతారు. దానికి నా దగ్గరో లెక్కుంది. హోటలు గదిలో ఒకరున్నా ఇద్దరున్నా అద్దెలో పెద్ద తేడా రాదు. అదనపు ఖర్చల్లా నా రైలు టిక్కెట్టూ, తిండీ. ఈ లెక్కన ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చాలా ఊళ్ళే చూశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చాలామటుకు ఒక్కదాన్నే చూశాను. ఆయన హాల్లోంచి బయటపడేసరికి మ్యూజియాలకి తాళాలు పడిపోయేవి!

ఈసారి తంజావూరు. ఆయన నీటిపారుదల ఇంజనీరు. కాలవల మీద మూడు రోజుల సభ. మొదటిరోజు పొద్దున్నే గుమ్మం దగ్గర ఇద్దరికీ చెరో కార్డూ తగిలించారు. ఆయన కార్డు మీద పేరూ, డిగ్రీలూ, ఉద్యోగమూ ఉన్నాయి. నా కార్డు మీద ఆయన పేరే ఉంది, చివర "గారి శ్రీమతి" అని. దాంతోపాటు "మహిళలకు ప్రత్యేక కార్యక్రమం" అని ఓ కాగితం. పట్టుచీరల కొట్టు, తలాడించే బొమ్మల కొట్టు, తంజావూరు పళ్ళేల కొట్టు.

నాకు పట్టుచీరలంటే విరక్తేం లేదండోయ్. మొదటిరోజు బుద్ధిగా వెళ్ళాను, తలాడించే బొమ్మ కూడా కొన్నాను. హోటలు బల్ల మీద పెడితే దేనికైనా సరే తలూపుతూ కూచుంది. దాన్ని చూస్తుంటే ఎందుకో మనసు చివుక్కుమంది. మర్నాడు చీరల బస్సెక్కకుండా ఆటో ఎక్కి పెద్దకోవెలకి వెళ్ళిపోయాను.

రాజరాజచోళుడు 1010లో పూర్తిచేయించిన గుడి అది. రెండువందల అడుగులు దాటిన విమానాన్ని తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. అసలు సంగతి పైన లేదు, కిందుంది. గుడి పునాది చుట్టూ రాళ్ళ మీద బారులు బారులుగా అక్షరాలు. ప్రాకారంలో కలిసిన ఓ రిటైరైన తమిళ మాస్టారు, నా అదృష్టంకొద్దీ, ఓపిగ్గా చదివి చెప్పారు. గుడికి తానిచ్చినవీ, తన అక్కగారిచ్చినవీ, తన రాణులిచ్చినవీ, ఇతరులిచ్చినవీ అన్నీ రాతి మీద చెక్కమని రాజాజ్ఞట. రాజు తర్వాత మొదట చెప్పింది అక్కగారు కుందవ్వ సంగతి! ఆవిడ ఇచ్చిన నగలూ, బంగారు పాత్రలూ తూకాలతో సహా రాతి మీదున్నాయి.

ఆ మేనత్త పేరే రాజరాజు కూతురికీ పెట్టుకున్నాడు. ఆ పిల్లని వేంగి చాళుక్యుడు విమలాదిత్యుడికిచ్చారు. వాళ్ళ కొడుకే నన్నయగారి చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు. అంటే మన ఆదికవిని పోషించిన రాజుకి తంజావూరు అమ్మమ్మగారి ఊరన్నమాట.

అక్కగారంటే రాచబిడ్డ, పేరు చెక్కారంటే వింతేముంది? కానీ నాలుగువందలమంది ఆడవాళ్ళని గుడిసేవకి రప్పించి, ఒక్కొక్కరికీ ఓ ఇల్లూ, ఏడాదికి నూరు కలాల ధాన్యమూ ఏర్పాటు చేశాడు రాజు. ఒక్కొక్కరి పేరూ, ఏ గుడినించి వచ్చిందీ, ఏ వీధి, ఏ వరస, ఎన్నో ఇల్లు అన్నీ చెక్కించాడు. పోస్టు కార్డు మీద రాసే అడ్రసులాగే ఉంది! వాళ్ళు ఇష్టపడి వచ్చారో, తెస్తే వచ్చారో శాసనం చెప్పదు. ఆ సంగతి తల్చుకుంటే గుండె బరువెక్కుతుంది. అయినా వెయ్యేళ్ళ తర్వాత కూడా వాళ్ళ పేర్లు చదువుతున్నాం. నా చెయ్యి అప్రయత్నంగా మెళ్ళో కార్డు మీదికి పోయింది.

మధ్యాహ్నం రాజభవనంలోని సరస్వతీ మహలుకి వెళ్ళాను. నాయకరాజులు మొదలుపెట్టిన ఈ పుస్తక భాండాగారాన్ని తర్వాత మరాఠా రాజు రెండో శరభోజీ పెంచి పెద్దచేశాడు. తమిళదేశం నడిబొడ్డున తెలుగు తాళపత్రాలు! రఘునాథనాయకుడి కొలువులో రామభద్రాంబ, మధురవాణి సంస్కృతంలో కావ్యాలు చెప్పారు. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ తెలుగులో రాసింది. మరాఠా ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. దాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి అచ్చువేయిస్తే, ఆడది ఇలాంటి శృంగారం రాయడమా అని పెద్దమనుషులు మండిపడ్డారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి చలవతో ఆ నిషేధం తొలగడానికి స్వాతంత్ర్యం నాటిదాకా పట్టింది.

మూడోరోజు ప్రతినిధులందర్నీ, శ్రీమతులతో సహా, కావేరి మీది కల్లణై ఆనకట్టకి తీసికెళ్ళారు. మా వారి మొహం వెలిగిపోయింది. "ఇసక మీద పునాది ఎలా నిలబెట్టాలో కాటన్ దొర ఇలాంటి పాత కట్టడాలు చూసే నేర్చుకున్నాడోయ్. ఆ పాఠమే మన ధవళేశ్వరం," అన్నారు. "మరి రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడన్నా ఉన్నాయాండీ?" అన్నాను. ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి, "ఎక్కడా ఉండవు," అన్నారు.

తిరుగుదారిలో బస్సు దిగిపోయి తిరువయ్యారు వెళ్దామంటే, ఆశ్చర్యం, ఆయన ముగింపు సభ మానేసి మరీ వచ్చారు! కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. పాడుబడ్డ ఆ చోట గుడి కట్టించింది ఆ నాగరత్నమ్మగారే. ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే, వెనకవైపు ఆడవాళ్ళ చేతే వేరే ఉత్సవం నడిపించింది. చివరికి అందరూ కలిసి పాడే రోజొచ్చింది. 1952లో పోయిన ఆవిడ విగ్రహం స్వామికెదురుగా చేతులు జోడించి కూచునుంది. ముద్దుపళని గురించీ, ఈవిడ గురించీ ఆయనకి అక్కడే కూచుని చెప్పాను. ఒక్కసారైనా గడియారం చూసుకోలేదు.

రాత్రి పెట్టె సర్దుతూ ఆ కార్డు చెత్తబుట్టలో వెయ్యబోతే, "ఇలా తే," అని తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, తన పేరు కొట్టేసి, కింద నా పేరు రాశారు, ఇంటిపేరుతో సహా. తీరా చూస్తే అది మా పుట్టింటివారి ఇంటిపేరు!

"నా కథలకింద ఇరవై రెండేళ్ళనించీ మీ ఇంటిపేరే అచ్చవుతోంది, చూళ్ళేదా?" అన్నాను.

"చదివితేగా!" అన్నారు నవ్వుతూ.

బల్ల మీద బొమ్మ తలూపింది. నేను మాత్రం ఊపలేదు. ఇంటికెళ్ళాక మొదటి పని, ఆయన చేత నా నవలలు చదివించడం.