వైద్యవిద్యయు ఈతపోటీలును: జెన్నీ థాంప్సన్ చరిత్ర

పెద్దకిమిడి సంస్థానమునకు ముఖ్యస్థానమైయుండిన దిగపహండి ప్రాంతమువారికి వైద్యవిద్య చిరకాలము దూరపు మాటగానే యుండెను. ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1923లో, విశాఖపట్టణమున వైద్యకళాశాల యేర్పడెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరిన పిదప 1944లో కటకమునను, 1962లో బరంపురమునను కళాశాలలు వెలసినవి. సీటు దుర్లభ మగుటచే, వైద్యము చదువబూనిన బిడ్డ ఆటలను విడువవలసినదే యనుట మన యిండ్లలో నియమమువలె నాటుకొనినది. ఈ నియమ మెంతవరకు నిజమో విచారించుటకు అమెరికా దేశపు ఈతగత్తె జెన్నీ థాంప్సన్ చరిత్ర మిక్కిలి యుపకరించును.

1973లో జన్మించిన థాంప్సన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మానవ జీవశాస్త్రము చదివి 1995లో పట్టభద్రురాలయ్యెను. చదువుచున్న కాలముననే, 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములును, 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో రజతమును గెలిచెను. 1996లో అట్లాంటాలో మూడు, 2000లో సిడ్నీలో మూడు స్వర్ణములు లభించినవి. 1999లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతను 57.88 సెకండ్లలో ముగించి, 1981 నుండి మేరీ మీగర్ పేర నిలిచియున్న 57.93 సెకండ్ల ప్రపంచ రికార్డును దాటెను.

ఆమె యెనిమిది స్వర్ణములును నలుగురు కలిసి యీదు రిలే పందెములలోనివే. ఒంటరిగా ఈదిన ఒలింపిక్ పందెములలో వచ్చినవి ఒక రజతము, ఒక కాంస్యము మాత్రమే. దీనిని కొందరు కొరతగా నెంచిరి. కాని రిలేలో ఒకరి జాగు నలుగురి నష్టము. అచట నమ్మకముగా నిలుచుటయు ఒక గొప్పయే.

2001లో ఆమె న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో చేరెను. అంతటితో ఈత ముగియలేదు. 2003 ప్రపంచ పోటీలలో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో ప్రథమస్థానము పొందెను. 2004లో, ముప్పదియొకటవ యేట, ఏథెన్సు క్రీడల రిలేలలో రెండు రజతములు గడించెను. దీనితో ఒలింపిక్ పతకములు పండ్రెండైనవి. వైద్యపట్టము 2006లో వచ్చెను. పిమ్మట బోస్టనులోని బ్రిగం అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తుమందు వైద్యమున శిక్షణ పొందెను. శస్త్రచికిత్సలో పేరు శస్త్రవైద్యునిది. రోగి శ్వాసను క్షణక్షణము కనిపెట్టుట మత్తువైద్యుని పని. ఇదియు రిలే వంటి కర్తవ్యమే.

ఇది సంపన్న దేశమున మాత్రమే చెల్లు ననువారికి మన దేశముననే సమాధానము కలదు. నాగా కొండలలో జన్మించిన తలిమెరెన్ ఆవో కలకత్తా కార్మైకేల్ వైద్యకళాశాలలో చదువుచుండగనే 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టునకు నాయకత్వము వహించెను. 1950లో వైద్యపట్టము పొంది, తన ప్రాంత ప్రజలకు వైద్యుడై సేవచేసెను.

ఆటయు చదువును ఒకదాని నొకటి చెరచు ననుట ఈ యిరువురి చరిత్రలచే నిలువదు. అట్లని రెండును శ్రమలేక సమకూరు ననుటయు సరికాదు. అమెరికాలో వైద్యకళాశాల చదువు సాధారణముగా నాలుగేండ్లది. థాంప్సన్‌కు ఐదేండ్లు పట్టెను. ఆ యొక్క యేడు వృథా కాలేదు. వైద్యురాలు లభించినది, పతకములును లభించినవి. మన ప్రాంతపు బిడ్డలలో అట్టి శక్తి కానవచ్చినప్పుడు, ఆ యొక్క యేడు వారి కిచ్చుటకు తలిదండ్రులును కళాశాలలును వెనుదీయకుండుట యుక్తము.