ఫొటోలో లేని సొక్కా

పోయిన సంక్రాంతికి మదనపల్లెలో మా ఇంటి అటక మీది పాత ఆల్బంలన్నీ దించాను. మా వైపు ఆడవాళ్ళు చలికాలంలో ఏం తొడుక్కునేవాళ్ళు, ఏం కప్పుకునేవాళ్ళు అన్నది రాయాలనిపించి, ముందు మా ఇంటి నుంచే మొదలుపెడదామనుకున్నాను. అమ్మ ఒక ముప్ఫై ఫొటోల్లో కనిపించింది. పెళ్ళిళ్ళలో పట్టుచీరతో, తిరపతి ప్రయాణంలో కొత్త చీరతో, నా డిగ్రీ పట్టా రోజున ఇస్త్రీ మడత నలగని వాయిల్ చీరతో. నాకు బాగా గుర్తున్న అమ్మ మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు.

ఆ అమ్మ పుంగనూరు దగ్గర మా పల్లెలో, డిసెంబరు చీకట్లో, చీర మీద నాయన పాత సొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, సెరుగు చెవుల మీదుగా తలకు చుట్టుకుని, పాలచెంబుతో కొట్టం వైపు నడుస్తూ ఉంటుంది. సొక్కా జేబులో అగ్గిపెట్టె, కొంచెం చిల్లర. కొత్తవాళ్ళెవరైనా వాకిట్లోకి వస్తే చాలు, గబగబా బొత్తాలు ఇప్పి, సొక్కాను ఉండచుట్టి తలుపు వెనక్కి విసిరేసేది. అంత చలిలో ఎందుకు ఇప్పేస్తావని ఒకసారి అడిగాను. "సలికి సిగ్గేముంది పాపా, సిగ్గంతా మనుసులకే గదా" అంది.

ఆ మాట అప్పుడు నాకు హాస్యంగా అనిపించింది. మా ప్రాంతపు చలి బట్టల చరిత్ర వెతుక్కుంటూ పోతే, ఎటు తిరిగినా ఆ మాట దగ్గరికే వచ్చి ఆగాను.

తెలుగు నేల అనగానే అందరికీ ఎండలే గుర్తొస్తాయి. పత్రికల్లో చలికాలపు ఫ్యాషన్ల పేజీలు వచ్చినా అవి ఢిల్లీ అమ్మాయిల కోసమో, అమెరికాలో ఉన్న కూతుళ్ళ కోసమో రాసినట్టుంటాయి. కానీ మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా మైసూరు పీఠభూమి అంచున ఉన్న ఊళ్ళే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్నాళ్ళు ఇంకా తగ్గుతుంది. పక్కనే 1,265 మీటర్ల ఎత్తున హార్స్‌లీ హిల్స్. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ 19వ శతాబ్దంలో అక్కడ వేసవి విడిది కట్టుకున్నాక ఆ కొండకు ఆ పేరొచ్చింది. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగిందని చెప్పుకునే ఒక ఆడపిల్ల పేరు పక్కకు పోయి, చల్లదనం కోసం వచ్చిన దొర పేరు నిలిచింది. కొండమీద ఆ చల్లగాలి విలాసం. కొండ కింద తెల్లారకముందే నీళ్ళలో చేతులు పెట్టాల్సిన ఆడవాళ్ళకు అది పనిలో ఒక భాగం.

చలికి మా వైపు అసలైన బట్ట కంబళి. దక్కన్ గొర్రెల నల్ల ఉన్నితో కురబలు నేసేది. బొచ్చు కత్తిరించడం, గుంటమగ్గం మీద నేయడం మగవాళ్ళ పని. ఆ బొచ్చును శుభ్రంచేసి, ఏకి, రాట్నం మీద దారంగా వడికేది ఆడవాళ్ళు. చింతగింజల గంజి పట్టిస్తే అది బిరుసెక్కి చలికీ వానకూ ఆగుతుంది. అయినా కంబళి అనగానే మన కళ్ళముందుకు గొర్రెల కాపరి వస్తాడు, పెద్ద రైతు వస్తాడు. దారం వడికిన మనిషి రాదు. మా పల్లెలో ఆడవాళ్ళు కంబళి మీద పడుకునేవాళ్ళు, బాలింతకు కప్పేవాళ్ళు. దాన్ని కప్పుకుని వీధిలో నడిచేవాళ్ళు కాదు. అలా నడిస్తే మగరాయుడు అనేవాళ్ళు. వానొస్తే గోతాన్ని ఒక మూల లోపలికి మడిచి నెత్తికి తగిలించుకునేవాళ్ళు. రాత్రి చలికైతే బొంత. నాలుగైదు పాత చీరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్టుకున్న బొంత వెచ్చగానే ఉంటుంది. కాకపోతే అది పడకలోనే పనికొస్తుంది. ఇంట్లో అందరికన్నా ముందు లేచేవాళ్ళకు దాని వెచ్చదనం ఎంతసేపు?

ఇక పగటి బట్ట. మా అవ్వ జీవితమంతా రైక తొడగలేదు. చీరనే భుజాల మీదుగా బిగించి ముడేసుకునేది. అమ్మ తరానికి రైక వచ్చింది, నా తరానికి దాని పేరు జాకెట్టు అయింది. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లీషువాళ్ళకు జాకెట్ అంటే బయటికి వెళ్ళేటప్పుడు పైన తొడుక్కుని, ఇంట్లోకి రాగానే విప్పి తగిలించేది. చలిదేశపు బట్ట. అదే మాట మన దగ్గరికొచ్చి, విప్పడానికి వీల్లేని లోపలి బట్టకు పేరైంది. మగవాళ్ళకు కోటు వచ్చింది, మనకు జాకెట్టు వచ్చింది.

ఈ మార్పుకు ఒక ముఖ్యమైన దారి బెంగాల్ నుంచి వచ్చింది. 1860లలో జ్ఞానదానందినీ దేవి ఐసీఎస్ భర్త సత్యేంద్రనాథ్ టాగోర్‌తో బొంబాయికి వెళ్ళి, పార్శీ స్త్రీలను చూసి చీరకట్టు మార్చుకుంది, కింద లంగా, పైన జాకెట్టు చేర్చింది. పరదా దాటి నలుగురిలోకి రావడానికి తగిన దుస్తులు అవసరమయ్యాయి. ఆమెకు అది స్వేచ్ఛే. దక్షిణాన తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట హక్కు కోసం దశాబ్దాలు పోరాడి 1859లో రాజప్రకటన సాధించుకున్నారు. వాళ్ళకు అది ఆత్మగౌరవం. రెండిటినీ తక్కువ చేయలేం. కానీ రెండు చోట్లా చర్చ అంతా చూసేవాళ్ళ గురించే జరిగింది. కప్పుకున్న ఒంటికి చలేస్తోందా అన్నది అందులోకి రాలేదు.

ఆ టాగోర్ ఇంటి మనిషే, జ్ఞానదానందిని మరిది రవీంద్రనాథుడు, 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చాడు. జనగణమనను ఇక్కడే ఇంగ్లీషు చేశాడు. దాని బాణీకి స్వరాలు రాసిపెట్టినది మార్గరెట్ కజిన్స్. మా ఊరు ఆమెను ఆ పాటతోనే గుర్తుపెట్టుకుంది. ఓటుహక్కు కోసం లండన్‌లో జైలుకు వెళ్ళివచ్చిన ఐరిష్ స్త్రీ అనీ, 1917లో మద్రాసులో భారత మహిళా సంఘం మొదలుపెట్టినవాళ్ళలో ఒకరనీ, అదే ఏడాది డిసెంబరులో స్త్రీలకు ఓటు అడగడానికి మాంటేగును కలిసిన బృందం వెనక ఉన్నదనీ మా బళ్ళో ఎవరూ చెప్పలేదు. పాట మిగలడం, పాట వెనకాల మనిషి పని మాసిపోవడం, దారం వడికిన ఆమె కథలాంటిదే.

మదనపల్లె గాలికి ఇంకో చరిత్ర ఉంది. 1912లో డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డేనిష్ వైద్యుడి ఆధ్వర్యంలో ఊరి పక్క మొదలైన క్షయ శానిటోరియం చుట్టూ ఆరోగ్యవరం ఏర్పడింది. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి తిండి, చల్లని స్వచ్ఛమైన గాలి, ఇవే చికిత్స. 1948లో బీసీజీ టీకాలు మనదేశంలో మొదలైనప్పుడు మదనపల్లె తొలి కేంద్రాల్లో ఒకటి. మందులొచ్చాక, మద్రాసులో జరిగిన పరిశోధన ఇంట్లో ఉండి కూడా జబ్బు నయం చేసుకోవచ్చని 1959లో తేల్చింది. గాలి చికిత్స కాలం అక్కడితో ముగిసింది. నేను ఆలోచించేది ఆ చికిత్స లెక్క గురించి. చల్లగాలి మందు కావాలంటే దానితోపాటు దుప్పటి, పాలు, పడుకునే తీరిక ఉండాలి. ఆ మూడూ లేని ఆడమనిషికి అదే గాలి జబ్బు.

స్వెట్టర్ మా ఇళ్ళలోకి నెమ్మదిగా వచ్చింది. కాన్వెంటు యూనిఫాంలో, నర్సమ్మల ఒంటి మీద, టీచరమ్మల ఒంటి మీద ముందు చూశాం. నా చిన్నప్పుడు ఆడవాళ్ళ పత్రికల్లో ఊలు అల్లికల పేజీలు వచ్చేవి. మా పిన్ని రెండు సూదులతో ఎన్ని అల్లిందో లెక్కలేదు: చిన్నాయనకు చేతుల్లేని స్వెట్టర్, పిల్లలకు టోపీలు, పుట్టబోయే బిడ్డకు మేజోళ్ళు. తనకంటూ ఒకటి అల్లుకున్నట్టు గుర్తులేదు. చలికాలం రాగానే రోడ్డు పక్కన తాళ్ళకు రంగురంగుల స్వెట్టర్లు వేలాడదీసి అమ్మే ఆడవాళ్ళను మేం నేపాలీవాళ్ళనేవాళ్ళం. వాళ్ళలో చాలామంది టిబెట్ శరణార్థులని తర్వాత తెలిసింది. 1960ల మొదట్లో బైలకుప్పెలో స్థిరపడినవాళ్ళలాంటి కుటుంబాలు, లూధియానాలో సరుకు కొని, చలికాలమంతా దక్షిణాది ఊళ్ళ ఫుట్‌పాత్‌ల మీద గడిపి బతుకు నిలబెట్టుకున్నాయి.

ఆ స్వెట్టర్ వేసుకోవడంలో మా టీచరమ్మలకు ఒక పద్ధతి ఉండేది. బొత్తాలు పెట్టేవాళ్ళు కాదు. పెడితే చీర అంచు, పైట మడతలు కనిపించవు. కొందరు స్వెట్టర్ తొడుక్కుని దానిమీద పైట తీసి వేసుకునేవాళ్ళు. చలి ఎదురుగా తగులుతున్నా సరే. చెవులకు ముసుగు కట్టుకుంటే పూలు నలుగుతాయి, ముసలమ్మలా ఉన్నావంటారు. మఫ్లరు, మంకీ క్యాపు మగవాళ్ళవి. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా లేత నీలం చీరకు ముదురు నీలం స్వెట్టర్ జతచేసిన మా లెక్కల టీచరును చూడటానికి మేం కిటికీల దగ్గర నిలబడేవాళ్ళం. ఆ సొగసు ఆమె జీతంతో కొనుక్కున్నది. పైట గురించి మన స్త్రీవాద కవిత్వం చాలా కోపంగా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. కానీ పైటతో, సెరుగుతో ఆడవాళ్ళు చేసుకున్న సర్దుబాట్లను, వాటిలోని తెలివిని మనం అంతగా రాసుకోలేదు.

చలికాలంలో మా వైపు ఇళ్ళలో వెచ్చగా ఉండే గది ఒకటుంది. అది పట్టుపురుగుల గది. కుప్పం, పలమనేరు, మదనపల్లె పల్లెల్లో మల్బరీ తోటలున్న ఇళ్ళవాళ్ళకు తెలుసు. చాకీ పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. చలి తగిలితే ఆకు తినవు, పెరగవు. కిటికీలకు గోనెపట్టలు కట్టి, కుంపట్లో బొగ్గులు రాజేసి, రాత్రి రెండుసార్లు లేచి చూసుకునేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. పురుగుకు ఎన్ని డిగ్రీలు కావాలో గోడకు తగిలించిన థర్మామీటరు చెబుతుంది. మనిషికి ఎంత కావాలో ఎవరూ కొలవలేదు. ఆ గూళ్ళ నుంచి తీసిన పట్టు నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద చీరై, పెళ్ళిఫొటోల్లోకి వస్తుంది.

కుప్పం స్టేషనులో తెల్లవారుజామున నిలబడి చూస్తే ఇప్పటి చరిత్ర కనిపిస్తుంది. బెంగుళూరు రైలు కోసం కాచుకున్నవాళ్ళలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలున్నారు. మా చిన్నమ్మ మనవరాలు వాళ్ళలో ఒకతె. ఆమె లైనులో యూరప్ చలికాలానికి జాకెట్లు కుడతారు. ఆమె పని జిప్పు బిగించడం, గంటకు ఇన్నని లెక్క. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోవడం మీద కేంద్రం పెట్టిన కొత్త నిబంధనకు వ్యతిరేకంగా బెంగుళూరు రోడ్లను స్తంభింపజేసి, రెండురోజుల్లో దాన్ని వెనక్కి తీసుకునేలా చేసినది ఇలాంటి వేలాది ఆడవాళ్ళే. ఈ పిల్ల చుడీదార్ మీద వేసుకునేది ఫుట్‌పాత్ మీద కొన్న ఎగుమతి రిజెక్టు జాకెట్. కుట్టు ఒకచోట వంకర పోయింది. చున్నీ లోపల, జాకెట్ పైన. "రెండు జేబులుండాయి పెద్దమ్మా, ఫోనొకదాంట్లో, ట్రైను పాసొకదాంట్లో" అని చూపించింది. జిప్పు మెడదాకా పెట్టుకుంది. ఎదురుగా ఎవరొచ్చినా విప్పలేదు.

అప్పుడు నాకు అమ్మ సొక్కా జేబు గుర్తొచ్చింది. రైకకు జేబు లేదు, చీరకు జేబు లేదు. చిల్లర దాచుకోవడానికి నడుముకు దోపుకున్న ముడి తప్ప మరో చోటు లేదు. నాయన పాత సొక్కాతో అమ్మకు వెచ్చదనంతోపాటు ఒక జేబు కూడా దొరికింది. ఆ రెండూ పని జరిగినంతసేపే ఆమెవి. మనిషి కనబడగానే తిరిగి ఇచ్చేయాలి.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం, రాతలో లేనిదాన్ని ఆడవాళ్ళ నోటినుంచి అడిగి తెలుసుకోవచ్చని మనకు నేర్పింది. అక్కడ అడిగినది సాయుధ పోరాటం గురించి. బట్టల గురించి అడగడం చిన్నపనిలా కనిపించవచ్చు. కానీ ఒంటికి ఏం కావాలి అన్న ప్రశ్నకు, ఎవరు చూస్తారు అన్న ప్రశ్న ఎన్ని వందల ఏళ్ళుగా అడ్డుపడుతోందో తెలుసుకోవాలంటే చీరల చరిత్ర, నగల చరిత్ర సరిపోవు. ఫొటోకు ముందు విప్పేసినవాటి చరిత్ర కావాలి. మనలో చాలామంది బీరువాల్లో సన్మానపు శాలువాలు మడతలు విప్పకుండా ఉన్నాయి. వాటి పక్కన ఏ పాత సొక్కా ఉందో, ఏ బొంత ఉందో కూడా అడగాలి.

నాయన పోయినప్పుడు ఆయన బట్టలన్నీ ఇచ్చేశారు. అమ్మ ఒక సొక్కా ఉంచుకుంది, గళ్ళది. సంక్రాంతి మర్నాడు పొద్దున, ఎండ ఇంకా రాకముందు, అది తొడుక్కోమన్నాను, ఫొటో తీస్తానని. "నీకేమన్నా పిచ్చా" అంది. కాసేపటికి లోపలికెళ్ళి తొడుక్కుని వచ్చింది. చేతులు రెండు మడతలు మడిచింది. సెరుగును సొక్కా లోపల నుంచి బయటికి లాగి, భుజం మీద సరిచేసుకుని, అంచు కనిపించేలా పరుచుకుంది. ఆ తర్వాత "ఇంగ తియ్యి" అంది.