సైనికుడి జ్ఞాపకం ఎవరి దగ్గర?

కార్తీక అమావాస్య నాడు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజుల తంతు. వీరాచారవంతుల కుటుంబాలు ఇంట్లో పూజించుకునే కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, పట్టుకుని ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో నాగులేటి ఒడ్డుకు చేరతాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ఇంతకాలం బతికించింది ఏ ప్రభుత్వమూ కాదు, ఆ ఇళ్లే. తెలుగునాట సైనికుడి స్మృతికి చరిత్ర రాయాలంటే ఇక్కణ్నించి మొదలుపెట్టడం న్యాయం.

పాలకులు బొత్తిగా పట్టించుకోలేదనడం మాత్రం తప్పు. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాల్లో పోరులో పడినవాళ్ల కోసం నిలిపినవీ ఉన్నాయి. తర్వాతి శతాబ్దాల్లో ఊరి పొలిమేరల్లో వీరగల్లులు వెలిశాయి. వాటిలో కొన్ని ఇవాళ గ్రామదేవతలైపోయాయి. బొట్టు పెట్టే చేతులకు ఆ రాతి మీది మనిషి ఎవరో తెలియదు.

కంపెనీ పాలనలో సైన్యం కొలువుగా మారింది. 1758 నుంచి రూపుదిద్దుకున్న మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో చేరారు. జీతం, పింఛను, తండ్రి తర్వాత కొడుకు: సిపాయి ఇళ్లు ఇలా తయారయ్యాయి. వాటిని దెబ్బతీసింది శత్రువు కాదు. 1880లలో మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి సర్వసేనాని అయిన రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయిల మీద నమ్మకం లేదు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లే 'యుద్ధజాతులు' అన్న వాదం బలపడింది. మద్రాసు పటాలాలు క్రమంగా తగ్గిపోయాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కావలసివచ్చి మళ్లీ పిలిచారు, 1920లలో మళ్లీ రద్దు చేశారు, 1942లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. అవసరం పడినప్పుడు వీరజాతి, తీరాక పనికిరాని జాతి! తెలుగు సైనిక కుటుంబాల గర్వంలో కనిపించే ఆ కాస్త మొండితనం ఈ అవమానం నుంచి కూడా వచ్చిందని నా అనుమానం.

ఆ మొండితనాన్ని చూడాలంటే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్లాలి. చుట్టుపక్కల దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. పదిహేడో శతాబ్దంలో ఆరుగొలను కోట కాపలాకు వచ్చి స్థిరపడ్డ సైనికుల వారసులమని ఊరివాళ్లు చెప్పుకుంటారు. వాళ్ల లెక్క ప్రకారం మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా ఈ ఒక్క ఊరి నుంచే వెళ్లారు. పిల్లలకు కెప్టెన్, మేజర్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఢిల్లీ అమర్ జవాన్ జ్యోతిని తలపించే స్తూపమొకటి ఊళ్లోనే కట్టుకున్నారు. ఇదంతా దేశభక్తి అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. పొలం చాలని ఇంట్లో ఒక కొడుకు మిల్ట్రీకి వెళితే నెలనెలా మనియార్డరు వచ్చేది, చెల్లెలి పెళ్లి జరిగేది. పరువూ పొట్టకూడూ ఒకే కొలువులో దొరకడమే ఆ గర్వానికి అంత గట్టిదనం ఇచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం జ్ఞాపకం ఇంటి సొత్తుగానే ఉండిపోయింది. కేరాఫ్ 56 ఏపీవో, 99 ఏపీవో: కొడుకు ఏ మంచుకొండ మీద ఉన్నాడో చెప్పని చిరునామాలు. వాటి మీదుగా వచ్చిన ఇన్‌లాండు లెటర్లు, నంబరూ పేరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె, అందులో పతకాలు, డిశ్చార్జి పుస్తకం. 1962, 65, 71 యుద్ధాల్లో పోయినవాళ్లకు ఎక్కువగా సరిహద్దు దగ్గరే అంత్యక్రియలు జరిగేవి. ఇంటికి టెలిగ్రాం వచ్చేది, తర్వాత పెట్టె వచ్చేది. శవం చూడని తల్లులు ఏళ్ల తరబడి ఎదురుచూశారంటే అది పిచ్చితనం కాదు.

1999 కార్గిల్ యుద్ధంలో ఆ పద్ధతి మారింది. జెండా కప్పిన శవపేటికలు సొంతూళ్లకు చేరాయి, టీవీలు వెంట వచ్చాయి. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న నేలకొరిగి మహావీర చక్ర పొందారు. ఆయన పోయాక పుట్టిన కూతురు పెద్దదై తండ్రి గురించి పుస్తకం తెచ్చింది. ఎన్నడూ చూడని మనిషిని అమ్మ, నాయనమ్మ, తాతల మాటల్లోంచి కూడగట్టుకున్న జ్ఞాపకం అది. 2020లో గల్వాన్‌లో మరణించిన కల్నల్ సంతోష్‌బాబుకు ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం మాత్రం 2019 దాకా ఆగింది.

చనిపోయినవాళ్లకు దక్కినంత మర్యాద బతికి తిరిగొచ్చినవాళ్లకు దక్కిందా అంటే, లేదనే చెప్పాలి. 1973లో మూడో వేతన సంఘం తమ పింఛనుకు కోత పెట్టిందని మాజీ సైనికుల పాత ఫిర్యాదు. ఒకే ర్యాంకు, ఒకే పింఛను కోసం 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. కొందరు పతకాలు తిరిగిచ్చేయడానికి సిద్ధపడ్డారు. ట్రంకు పెట్టెలో మనవళ్ల కోసం దాచుకున్న వస్తువును వెనక్కి ఇస్తామనేదాకా వచ్చిందంటే, అడిగింది డబ్బు ఒక్కటే కాదు. జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవమట. తొలి భారతీయ సర్వసేనాని జనరల్ కరియప్ప 1953లో ఆ తేదీనే రిటైరయ్యారు. భోగి, సంక్రాంతి హడావుడిలో ఆ సంగతి మన ఊళ్లలో ఎవరికి గుర్తుంటుంది?

ఇక సైన్యంలో నాలుగేళ్ల నియామకాల పథకం అగ్నిపథ్. దానికి నిరసనగా 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ విధ్వంసాన్ని సమర్థించలేం. కానీ ఆ నిరసనకారులు అడిగిందేమిటో మాధవరంలో ఎవరికైనా అర్థమవుతుంది. నాలుగేళ్ల సర్వీసు, ఆపైన కొనసాగేది నూటికి పాతిక మందికి మించరు, మిగిలినవాళ్లకు కొంత మొత్తం చేతికిస్తారు గానీ పింఛను లేదు, క్యాంటీన్ లేదు, నిబంధనల ప్రకారం మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివర్లో పూర్తవుతాయి. ఇంటి ముందు బోర్డు మీద పేరు పక్కన వాళ్లు ఏం రాయించుకోవాలో ప్రభుత్వం ఇంకా చెప్పాల్సి ఉంది.